తుంటి పట్టేసిందా? కేస్ షీటులో ఏం రాశారో కూడా చూసుకోండి

డిశ్చార్జి రోజు వచ్చిందంటే రోగి ఇంటివారికి ఒకటే హడావుడి. బిల్లు కౌంటరు దగ్గర ఒకరు, మందుల షాపు దగ్గర ఒకరు, ఆటో మాట్లాడడానికి ఇంకొకరు. ఆ తొందరలో సిస్టర్ చేతికిచ్చిన డిశ్చార్జి సమ్మరీని మడిచి సంచిలో పెట్టేస్తాం. నెల తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చినప్పుడో, వేరే ఊళ్ళో డాక్టరుగారు "అప్పుడు ఏమైందన్నారు?" అని అడిగినప్పుడో ఆ కాగితం బయటికి తీస్తాం. తీరా చూస్తే కుడి కాలికి బదులు ఎడమ కాలు అని ఉంటుంది. లేదా "తుంటి నొప్పి" అని ఒక్క ముక్క ఉంటుంది, జారిపడిన సంగతే ఉండదు.

తుంటి కండరాల గాయాల విషయంలో ఈ ఇబ్బంది కొంచెం ఎక్కువ. ఎముక విరిగితే ఎక్స్‌రే ఫిల్ము సాక్ష్యంగా ఉంటుంది. కండరం చిట్లితే ఎక్స్‌రేలో సాధారణంగా ఏమీ కనిపించదు. అప్పుడు సాక్ష్యమల్లా మీరు చెప్పిన మాట, డాక్టరుగారు పరీక్షించి రాసిన మాట. ఆ రాత ఎలా తయారవుతుంది, దానికి కోడ్ ఎలా పడుతుంది, అందులో మీ పాత్ర ఏమిటి అన్నది ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

తుంటి కండరం గాయం అంటే ఏమిటి?

తొడ ఎముక పైభాగం కటి ఎముకలోని గుంటలో అమరి ఉండే చోటే తుంటి కీలు. దాని చుట్టూ బలమైన కండరాలు ఉంటాయి. ముందు వైపున్నవి తొడను పైకి ఎత్తుతాయి. లోపలి వైపువి కాళ్ళను దగ్గరకు తెస్తాయి. పిరుదు వైపువి మనం ఒంటికాలి మీద నిలబడినప్పుడు పక్కకు ఒరిగిపోకుండా ఆపుతాయి. కాలు జారినప్పుడు, బరువు ఎత్తుతూ ఒక్కసారిగా తిరిగినప్పుడు, ఆటలో పరుగెత్తుతూ హఠాత్తుగా ఆగినప్పుడు ఈ కండరాలు ఉన్నట్టుండి సాగి, వాటి పోగులు తెగుతాయి. దీన్నే డాక్టర్లు స్ట్రెయిన్ అంటారు.

ఇందులో మూడు స్థాయిలు ఉన్నాయి.

మొదటి స్థాయి: కొద్ది పోగులే దెబ్బతింటాయి. నొప్పి ఉన్నా నడవగలరు. సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది.

రెండవ స్థాయి: చాలా పోగులు తెగుతాయి. వాపు, కమిలిన మచ్చ, కుంటుతూ నడవడం ఉంటాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు.

మూడవ స్థాయి: కండరం గాని, దాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి టెండన్ గాని పూర్తిగా తెగుతుంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది.

స్థాయి ఏమిటన్నది కాగితం మీద ఉండాలి. ఎన్నాళ్ళు విశ్రాంతి, ఎప్పుడు వ్యాయామం, ఎప్పుడు తిరిగి పనిలోకి అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి.

"నరం పట్టేసింది" అంటే డాక్టరుకు ఏం అర్థమవుతుంది?

మన వాడుకలో "నరం" అనే ఒక్క మాటకు చాలా అర్థాలున్నాయి. స్పర్శ తెలిపే నాడిని నరం అంటాం. చేతి మీద ఉబ్బి కనిపించే రక్తనాళాన్నీ నరమే అంటాం. కండరం బిగుసుకుంటే "నరం పట్టేసింది" అంటాం. అలాగే "నడుము నొప్పి" అంటూ కొందరు వెన్నెముకను చూపిస్తారు, కొందరు పిరుదును, మరికొందరు తుంటి పక్కభాగాన్ని చూపిస్తారు. ఓ.పి.లో రద్దీగా ఉన్న రోజు "నడుము నొప్పి, నరం పట్టేసింది" అని మాత్రమే చెబితే, చీటీ మీద వెన్నునొప్పి అనో, నాడి నొక్కుకుపోయిందనో పడే అవకాశం ఉంది.

అందుకని పేరు చెప్పడంతో సరిపెట్టకండి, ఒక్క వేలితో చోటు చూపించండి. గజ్జలోనా, తొడ లోపలి వైపా, పిరుదులోనా, తుంటి పక్కనా? నొప్పి అక్కడే ఉందా, మోకాలి దాకా దిగుతోందా? తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయని సామెత. వైద్యంలో అలాంటి వింత నిజంగానే ఉంది: తుంటి కీలులో ఇబ్బంది ఉంటే కొందరికి మోకాలిలో నొప్పి తెలుస్తుంది. మోకాలు ఒక్కటే చూపించి ఊరుకుంటే అసలు చోటు కాగితంలోకి రాదు.

కోడ్ అంటే ఏమిటి? ఎందుకు?

ప్రతి జబ్బుకూ, ప్రతి గాయానికీ ప్రపంచమంతా ఒకే గుర్తు ఉండాలన్న ఆలోచన పాతదే. 1893లో ఫ్రాన్సుకు చెందిన జాక్ బెర్టిలాన్ మరణ కారణాల జాబితా ఒకటి తయారుచేశారు. 1948 నుంచి ఆ పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ చూస్తోంది. ఆ జాబితా పదవ కూర్పును ఐ.సి.డి.-10 అంటారు. దీన్ని 1990లో ఆమోదించారు. పదకొండవ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చినా, మన దేశంలో ఇన్సూరెన్సు క్లెయిము ఫారాలలో ఆస్పత్రి నింపే భాగం అడిగేది ఐ.సి.డి.-10 కోడ్‌నే.

తుంటి దగ్గరి గాయాలకు ఇందులో ఉన్న కొన్ని గుర్తులు చూడండి.

ఎస్ 76.0 : తుంటి కండరానికి, టెండన్‌కు గాయం
ఎస్ 76.2 : తొడ లోపలి వైపు కండరానికి గాయం
ఎస్ 76.3 : తొడ వెనుక వైపు కండరాలకు గాయం
ఎస్ 73.1 : తుంటి కీలు లిగమెంట్ల బెణుకు
ఎస్ 70.0 : తుంటి దగ్గర దెబ్బ తగిలి కమలడం
ఎస్ 72.0 : తొడ ఎముక మెడ విరగడం
ఎం 25.5 : కీలునొప్పి

మొదటి అక్షరం చూస్తేనే చాలా తెలుస్తుంది. "ఎస్" అంటే గాయం. "ఎం" అంటే ఎముకలు, కండరాలు, కీళ్ళకు వచ్చే జబ్బు. చివరిదానిలో నొప్పి ఉందన్న సంగతి తప్ప కారణం లేదు.

గాయానికి ఒక కోడ్ పడితే, గాయం ఎలా అయిందన్నదానికి ఇంకో కోడ్ ఉంటుంది. నేల మీద కాలు జారి లేదా తట్టుకుని పడితే డబ్ల్యు 01. మెట్ల మీద పడితే డబ్ల్యు 10. నిచ్చెన మీద నుంచి పడితే డబ్ల్యు 11. చెట్టు మీద నుంచి పడితే డబ్ల్యు 14. శక్తికి మించిన బరువు ఎత్తి పట్టేస్తే ఎక్స్ 50. దాని పక్కన చుక్క పెట్టి వేసే అంకె, జరిగిన చోటును చెబుతుంది: ఇల్లయితే 0, రోడ్డయితే 4, పొలమయితే 7. అంటే డబ్ల్యు 01.7 అని ఉంటే, పొలంలో కాలు జారి పడ్డారని ఆ నాలుగు అక్షరాలే చెబుతున్నాయన్నమాట. ఎలా పడ్డారో తెలియకపోతే డబ్ల్యు 19 వేస్తారు. అది "ఎలాగో పడ్డారు" అన్నట్టే.

ఈ ఐ.సి.డి.-10లో కుడి, ఎడమ తేడాకు అంకె లేదు. కనుక ఏ వైపు అన్నది మాటల్లో తప్పక రాయాలి. అమెరికా 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న కూర్పులో మాత్రం ఆ తేడా కూడా కోడ్‌లోనే ఉంది. కుడి తుంటి కండరం స్ట్రెయిన్‌కు చికిత్స జరుగుతుంటే ఎస్ 76.011ఏ, ఎడమకైతే ఎస్ 76.012ఏ. చికిత్స అయ్యాక కోలుకునే దశలో చూపించుకోవడానికి వస్తే చివరి "ఏ" స్థానంలో "డి" వస్తుంది. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే అడిగి చూడండి, ఈ గుర్తులు వారికి కంఠతా వచ్చి ఉంటాయి. వారిని ఇంకొక్క మాట కూడా అడగండి: "డాక్టరు రాయనిది మీరు వేస్తారా?" అని. వెయ్యకూడదు. కేస్ షీటులో లేనిదాన్ని కోడరు తన ఊహతో చేర్చకూడదు. కోడ్ డాక్టరు రాతను దాటి పోదు. డాక్టరు రాతలో జరిగిన సంగతి మీ మాటను దాటి పోదు.

ఒకే గాయం, రెండు కాగితాలు

ఒక ఉదాహరణ చూద్దాం. నలభై అయిదేళ్ళ అమ్మగారు నీళ్ళ బిందెతో వస్తూ తడి వరండాలో జారారు. పూర్తిగా పడలేదు, కాలు పక్కకు చీలిపోయింది. కుడి తుంటి కండరం బాగా చిట్లి, తొడ పైభాగమంతా నల్లగా కమిలింది. నిలబడలేక ఆస్పత్రిలో చేరి మూడు రోజులు ఉన్నారు. ఆ ఇంట్లో ఆరోగ్య బీమా తీసుకుని అప్పటికి మూడు వారాలే అయింది.

మొదటి కాగితం ఇలా ఉందనుకుందాం: "కుడి తుంటి నొప్పి. పరీక్షల కోసం చేర్చుకున్నాం." కోడ్ ఎం 25.5.

రెండవ కాగితం ఇలా: "నిన్న సాయంత్రం ఇంట్లో తడి నేల మీద కాలు జారి కుడి తుంటి కండరానికి గాయం. రెండవ స్థాయి. నిలబడలేకపోతున్నారు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. నొప్పికి ఇంజెక్షన్లు, మంచం మీద విశ్రాంతి, ఫిజియోథెరపీ." కోడ్ ఎస్ 76.0, కారణం డబ్ల్యు 01.0.

మనిషి ఒకరే, నొప్పి ఒకటే. కాని మన దేశంలోని ఆరోగ్య పాలసీలలో సాధారణంగా మొదటి 30 రోజులు జబ్బులకు చెల్లింపు ఉండదు. ప్రమాదం వల్ల అయిన గాయానికి ఆ నిబంధన వర్తించదు. అలాగే కేవలం పరీక్షల కోసమో, కేవలం విశ్రాంతి కోసమో చేరితే చెల్లించరు. మొదటి కాగితంతో ఆ అమ్మగారి క్లెయిము తిరిగి రావడానికి ఒకటికి రెండు కారణాలు దొరుకుతాయి. రెండవ కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు, జరిగింది జరిగినట్టు ఉంది, అంతే.

ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. చిన్న పట్టుకు ఆస్పత్రిలో చేరనవసరం లేదు. "ఇన్సూరెన్సు ఉంది కదా, చేర్చుకోండి, రెండవ స్థాయి అని రాయండి" అని దయచేసి డాక్టరును ఒత్తిడి చేయకండి. కంపెనీవారు కోడ్ ఒక్కటే చూసి ఊరుకోరు. కేస్ షీటు, నర్సుల నోట్సు, స్కాను రిపోర్టు అన్నీ చూస్తారు. ఒకదానికొకటి పొంతన లేకపోతే, నిజంగా రావలసిన డబ్బు కూడా పోతుంది.

పెద్దవారు పడితే "బెణుకే" అని తేల్చెయ్యకండి

కాగితం మీది మాట డబ్బుకే కాదు, ప్రాణానికీ సంబంధించినది. అరవై దాటినవారు, ముఖ్యంగా ఎముకలు గుల్లబారినవారు పడ్డప్పుడు ఇంట్లోవాళ్ళు "ఏం కాలేదు, కొంచెం పట్టింది" అంటారు. తొడ ఎముక మెడ దగ్గర సన్నని పగులు మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎముక జరగకపోతే ఆ పగులుతోనే కుంటుకుంటూ నడిచేవారూ ఉంటారు. చీటీ మీద "కండరం పట్టు" అని పడిపోతే, తర్వాత చూసేవారందరూ ఆ మాటనే పట్టుకుంటారు. వారం తర్వాత పగులు ఊడి ఎముక జరిగితే చిన్న ఆపరేషన్ కావలసింది పెద్ద ఆపరేషన్ అవుతుంది.

కనుక కింది సంగతుల్లో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పి, కేస్ షీటులో రాయమని అడగండి.

పడిన తర్వాత నాలుగడుగులైనా వేయలేకపోయారా? కాలు పొట్టిగా, బయటి వైపు తిరిగినట్టు ఉందా? గజ్జలో నొప్పి రోజులు గడుస్తున్నా తగ్గడం లేదా? అలా ఉంటే ఎక్స్‌రే బాగానే ఉన్నా ఎమ్మారై స్కాను అవసరం కావచ్చు.

రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? వారికి తుంటి ముందువైపు కండరంలో రక్తం గడ్డకట్టి, గజ్జ నొప్పితో పాటు తొడ మొద్దుబారవచ్చు. అది మామూలు పట్టు కాదు.

పిల్లల విషయంలో మరో జాగ్రత్త. జ్వరంతో పాటు తుంటి నొప్పి వచ్చి కాలు కింద పెట్టకపోతే అది ఆటలో తగిలిన పట్టు అనుకోకండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు, ఆ రోజే చూపించాలి. పది నుంచి పదహారేళ్ళ పిల్లలు తొడ గాని మోకాలు గాని నొప్పి అంటూ కుంటుతుంటే తుంటిని కూడా పరీక్షించమని అడగండి.

జరిగినదాన్ని దాచి రాయించకండి

బైకు మీద నుంచి పడినవారి ఇంటివాళ్ళు కొందరు "పోలీసు గొడవ మాకొద్దు, బాత్రూములో జారాడని రాయండి" అంటారు. వారి భయం అర్థం చేసుకోదగినదే. కాని రోడ్డు ప్రమాదమైతే మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలియజేయడం ఆస్పత్రి బాధ్యత. అంతకన్నా ముఖ్యం, మూడు నెలలకు కూడా నడక కుదరక నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్ళినప్పుడు అక్కడ మొదట చూసేది ఆస్పత్రి మొదటి కాగితం. అందులో "బాత్రూములో జారాడు" అని ఉంటే ఏ వకీలూ దాన్ని సులువుగా దాటలేడు. ఫ్యాక్టరీలో, కట్టడం పనిలో దెబ్బ తగిలినా అంతే. పనిచోట జరిగిందని మొదటి రోజే రాయించుకుంటేనే ఇ.ఎస్.ఐ. ద్వారా గాని, ఉద్యోగుల పరిహార నిబంధనల కింద గాని అడగడానికి ఆధారం ఉంటుంది.

అలాగే ముందుగా ఎవరి చేతైనా మర్దన చేయించినా, పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చినా దాచకండి. డాక్టరుగారు కోప్పడతారేమోనని చాలామంది చెప్పరు. కాని కొత్త వాపు గాయం వల్లనా, మర్దన వల్లనా అన్నది తెలిస్తేనే వైద్యం సరిగా నడుస్తుంది. అన్నట్టు, కండరం చిట్లిన మొదటి రెండు రోజులు గట్టి మర్దన, కాపడం రెండూ మంచివి కావు. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టి తీయడం, కాలికి విశ్రాంతి ఇవ్వడం మేలు.

డాక్టరుగారికి చెప్పవలసిన ఏడు సంగతులు

1. ఏ వైపు: కుడా, ఎడమా.
2. కచ్చితంగా ఏ చోట: ఒక్క వేలితో చూపించండి.
3. ఎప్పుడు: తేదీ, సుమారు సమయం.
4. ఎక్కడ: ఇల్లు, రోడ్డు, పొలం, పనిచోటు, ఆటస్థలం.
5. ఎలా: జారడం, తట్టుకోవడం, బరువు ఎత్తడం, వాహనం.
6. పడిన వెంటనే లేచి నడిచారా, లేదా.
7. పాత జబ్బులు, వాడుతున్న మందులు, ఇదే చోట ఇదివరకు దెబ్బ తగిలిందా.

రోగి నొప్పితో మాట్లాడలేకపోతే, పడినప్పుడు పక్కనున్నవారే ఆస్పత్రికి తోడు రావడం మంచిది. ఊరినుంచి ఫోనులో విన్నది చెప్పేవారికన్నా చూసినవారి మాట విలువైనది.

ఇంటికి వెళ్ళేముందు

డిశ్చార్జి సమ్మరీ చేతికి రాగానే ఐదు నిమిషాలు కూర్చుని చదవండి. ఇంగ్లీషు రాకపోతే సిస్టర్‌ను గాని, చదువుకున్న పిల్లలను గాని చదివి చెప్పమనండి. పేరు, వయసు సరిగా ఉన్నాయా? వైపు సరిగా ఉందా? గాయమైన తేదీ, చేరిన తేదీ వేరువేరుగా ఉన్నాయా? ఎలా జరిగిందో ఒక వాక్యమైనా ఉందా? స్కాను రిపోర్టులో ఉన్నదీ, సమ్మరీలో ఉన్నదీ ఒకటేనా? రోగం పేరు ముందు ప్రశ్నార్థకం ఉంటే అది ఇంకా అనుమానమే అని అర్థం. పరీక్షలన్నీ అయ్యాక చివరికి ఏమి తేలిందో అడిగి రాయించుకోండి.

తప్పు కనబడితే మీరు పెన్నుతో దిద్దకండి. మీరు దిద్దిన కాగితం ఎక్కడా చెల్లదు. చూసిన డాక్టరుగారికి చెప్పండి. ఆయన తప్పు మాట కింద ఉన్నది కనబడేలా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు, లేదా కొత్త సమ్మరీ ఇస్తారు. ఇంటికి వెళ్ళాక గమనిస్తే తెల్లకాగితం మీద అర్జీ రాసి మెడికల్ రికార్డుల విభాగంలో ఇవ్వండి. 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం, ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్ళు భద్రపరచాలి. రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

ఒరిజినల్ ఇన్సూరెన్సుకు పంపేముందు రెండు జెరాక్సులు తీయించి, ఎక్స్‌రే ఫిల్ములతో పాటు ఒకే సంచిలో పెట్టండి. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ఆ సంచి తీసుకురండి. కాలు నయమై నడక కుదిరిన తర్వాత కూడా దాన్ని పారేయవద్దు. ఏ ఏడాదో, రెండేళ్ళకో అదే తుంటి మళ్ళీ నొప్పి పుడితే, కొత్త డాక్టరుగారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఆ సంచిలోనే ఉంటుంది.